చెట్టు పైన ఎండుతది, రోగం కింద ఉంటది

యాదగిరిగుట్ట మీద దర్శనం చేసుకొని కిందికి దిగొచ్చినోళ్లకు ముందుగాల కండ్లవడేది బత్తాయి రసం బండ్లే. ఎండకాలం అయితే ఇగ చెప్పొద్దు, గిలాస ఖాళీ అయ్యేదాక మాట్లాడే తీరిక ఎవ్వలికి ఉండది. ఆ కాయల్ల ఎక్కువ భాగం మన నల్లగొండ తోటల కాయలే. దేవరకొండ, కొండమల్లేపల్లి, గుర్రంపోడు, నాంపల్లి, చండూరు, మునుగోడు, హాలియా దిక్కున తోటలు పెట్టిన రైతుల చెమట అది. మనం బత్తాయి అంటం, అనంతపురం, కడప దిక్కు చీనీ అంటరు, పట్నంల మోసంబి అంటరు. పేరు ఏదైనా మన దగ్గర ఎక్కువ పెట్టే రకం ఒక్కటే, సాత్‌గుడి.

ఓసారి గుట్ట కింద బండి దగ్గర రసం తాగుకుంట బండాయనను అడిగిన, ఈసారి కాయ మస్తు వచ్చినట్టున్నదే అని. "మస్తు వచ్చింది గని సారూ, అండ్ల సగం చచ్చిపోయే చెట్ల కాయ" అన్నడు. ఆయనకు సుత ఊర్ల ఎకరంన్నర తోట ఉన్నదట. ఆయన మాట తమాషకు అన్నది గాదు. బత్తాయి పెట్టినోళ్లకు ఇది ఎరుకైన ముచ్చటే. చచ్చిపోయే ముందు చెట్టు విరగగాస్తది. ఎన్నడు లేనంత పూత వస్తది, పిందె నిలుస్తది, రైతు సంబురపడతడు. కొన్ని నెలలల్ల ఆకు పసుపుకు తిరుగుతది, రాలుతది, కొమ్మలు మోడువడతయి. కాయలు మాత్రం కొమ్మలకే పట్టుకొని వేలాడుతయి. ఆకు లేని చెట్టుకు నిండ కాయలు. చూస్తే కడుపు తరుక్కపోతది.

మా మేనమామ తోటల గిదే జరిగింది. మునుగోడు దిక్కు నాలుగెకరాల చెల్క. 2009ల పెట్టిండు. చెట్టుకు చెట్టుకు ఆరు మీటర్ల ఎడంతోని ఎకరానికి నూటపన్నెండు లెక్కన సుమారు నాలుగు వందల యాభై చెట్లు. నాలుగైదేండ్లు ఊరికెనే సాదిండు. బత్తాయి అంటెనే అంత, పాలు తాగే పిల్లగాన్ని సాదినట్టు సాదాలె, ఆరేడేండ్లకు గని అసలు కాపు చేతికి రాదు. 2015, 2016 కరువుల బోరు ఎత్తిపోతె ట్యాంకర్లు పెట్టి బతికిచ్చుకున్నడు. అంత కరువుల బతికిన చెట్లు 2017ల నీళ్లు ఉండంగనే ఎండుడు మొదలువెట్టినయి. ముందుగాల రెండు, తర్వాత పది, ఆ తర్వాత లెక్కవెట్టుడు బంద్ చేసిండు. దుకాణపాయన దగ్గరికి పోతె ఆకు మీద కొట్టే మందు ఇచ్చిండు. మళ్ల పోతె ఇంకో మందు. ఆకు మీద ఎంత కొట్టినా ఏం ఫాయిద? రోగం ఆకుల లేదు, మొదట్ల ఉన్నది, వేర్లల్ల ఉన్నది.

ఈ ముచ్చట జెర ఇడమరిచి చెప్పాలె, ఎందుకంటె మనోళ్లు చెట్టు ఎండితె "ఎండు తెగులు" అని ఒక్కటే పేరు పెడతరు. ఎండుడు అన్నది రోగం పేరు గాదు, రోగం ఆఖరికి కనవడే తీరు. మనిషి సచ్చిండు అంటె ఎందుకు సచ్చిండో తెల్వనట్టే ఇది. బత్తాయి చెట్టును కింది నుంచి తినేటివి ముఖ్యంగ రెండున్నయి. ఈ రెండు ఒక్కటి గావు, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. మా మామ పైసలు పోయింది గీడనే.

మొదటిది బంక తెగులు. దీన్ని చేసేదాని పేరు ఫైటోఫ్తోరా. ఆంటన్ డి బారీ అనే జర్మన్ శాస్త్రవేత్త 1876ల పెట్టిన పేరు, గ్రీకు మాటల్ల దీని అర్థం మొక్కల్ని నాశనం చేసేది అని. 1845ల ఐర్లాండ్‌ల ఆలుగడ్డ పంటను కుళ్లవెట్టి లక్షల మందిని ఆకలితోని సంపింది దీని జాతిదే. అందరు దీన్ని బూజు అనే అంటరు గని, నిక్కచ్చిగ చెప్పాలంటె ఇది అసలు బూజుల కుటుంబంది గాదు, నీటి నాచులకు దగ్గరి సుట్టం. ఈ తేడా చదువుకున్నోళ్ల గొడవ అనుకోవద్దు, మందు కొనే కాడ ఇదే అక్కరకొస్తది. దీని గింజలకు తోకలుంటయి. తడి మట్టిల, నిలిచిన నీళ్లల్ల ఈత గొట్టుకుంట పోతయి. పాదుల నీళ్లు నిండి చెట్టు మొదలుకు తగిలిందంటె ఇగ దానికి తొవ్వ ఏసినట్టే. నీళ్లు లేనప్పుడు గట్టి పెంకు కట్టుకొని మట్టిల ఏండ్లకేండ్లు పండుకుంటది.

అది బెరడుకు పట్టిందంటె మొదలు కాడ పగుళ్లు వస్తయి, తేనె రంగు బంక కారుతది. వాన వడితె బంక కడుక్కపోతది, అప్పుడు రైతు తగ్గింది అనుకుంటడు. బెరడు మీద కత్తితోని జెర గీకి చూడాలె. కింద పచ్చగ, తెల్లగ ఉండాల్సింది ముదురు గోధుమ రంగుల మెత్తగ అయితది. ఆకు తయారు చేసిన తిండి వేరుకు దిగేది ఆ బెరడు నుంచే. బెరడు చుట్టూత కుళ్లితె చెట్టు మెడకు ఉరి ఏసినట్టు. పైకి నీళ్లు ఇంక కొన్నాళ్లు పోతనే ఉంటయి, కిందికి తిండి దిగది. వేరు ఆకలితోని సస్తది. చెట్టు సచ్చే ముందు విరగగాసుడు ఎందుకో ఇప్పుడు సమజయి ఉంటది. కిందికి దిగాల్సిన తిండి పైన్నే ఆగి పూతకు, కాయకు పోతది. ఉన్నదంత పిల్లలకు పెట్టి తను పస్తున్న తల్లి లెక్క.

రెండోది ఎండు వేరుకుళ్లు. దీన్ని చేసేది ఫ్యుసేరియం సొలాని అనే అసలైన బూజు. ఇది మన చెల్కల, రేగడిల, దుబ్బల అన్నిట్ల ఉంటది. బలంగున్న వేరును ఏం చెయ్యలేదు. దొంగ లెక్క కాదు, రాబందు లెక్క. చెట్టు నీరసపడేదాక కావలి ఉంటది. వేరు తెగినా, ఆకలితోని ఉన్నా, నీళ్లల్ల ఊపిరాడక ఉన్నా, అప్పటికే ఫైటోఫ్తోరా కొంత తిని ఉన్నా, అప్పుడు దూరుతది. పెద్ద వేరును కోసి చూస్తె లోపల కట్టె ఊదా రంగు కలిసిన గోధుమ రంగుల, ఎండిపోయినట్టు గట్టిగ ఉంటది. బెరడు మాత్రం కుళ్లి వాసన గొడతది. చాన సార్లు చెట్టు ఒక్క దిక్కే ఎండుతది, ఎందుకంటె ఆ దిక్కు వేరే సచ్చి ఉంటది. ఆకు వాడుడు మొదలైననాటికి కింద వేర్లు చానమట్టుకు పోయే ఉంటయి. రైతుకు నాలుగు రోజులల్ల ఎండినట్టు అనిపిస్తది, రోగం లోపల్నేమో నెలలు, ఒక్కోసారి ఏండ్ల సంది నడుస్తనే ఉంటది.

ఇప్పుడు మా మామ సంగతికి వస్త. కరువుల సావని చెట్లు నీళ్లొచ్చినంక ఎందుకు సచ్చినయి? ఆయనకు ఇది ఏండ్ల దాక సమజ్‌గాలే, నాకు సుత కాలే. కరువుల సన్న వేర్లన్ని ఎండినయి. ట్యాంకర్ నీళ్లు పానం నిలిపినయి గని కొత్త వేరు పుట్టేంత బలం ఇయ్యలే. ఆ తర్వాత వానలు వడి బోరు పోసింది. ఆయన ఆశకొద్ది పాదుల నిండ పెట్టిండు. సచ్చిన వేర్ల మీద బూజు కూసుంది, మొదలుకు తగిలిన నీళ్లల్ల ఫైటోఫ్తోరా ఈదింది. ఆకలి మీదున్నోనికి ఒక్కసారి కడుపు నిండ పెడితె అరుగుతదా?

గిదే పని మనం కరువు లేకున్న ప్రతేడు చేతులార చేస్తున్నం. కత్తెర కాపు కోసం. బత్తాయి రుతువుల కాపు జనవరి, ఫిబ్రవరిల పూతకొచ్చి ఆగస్టు నుంచి కోతకొస్తది. అప్పుడు అందరి కాయ ఒక్కసారి బజార్లకు దిగి ధర పడిపోతది. ఎండకాలం కాయకే అసలు ధర. అందుకని రైతులు నీళ్లు బంద్ చేసి, చెట్టును వాడవెట్టి, ఆకు కొంత రాలినంక తవ్వి ఎరువేసి ఒక్కసారి నీళ్లు ఇడుస్తరు. చెట్టు బెదిరి పూతకొస్తది. పద్ధతి పాతదే, తప్పు అని నేను అంట లేను. ధర అట్లుంటె రైతు ఏం చేస్తడు? గని ఎన్ని రోజులు వాడవెట్టాలె అన్నదాన్ల మన చెల్కలకు, రేగడికి శాన తేడా ఉన్నది. తేలిక మట్టిల నెల రోజులకే చెట్టు తట్టుకోదు. పక్క రేగడి తోటాయన రెండు నెలలు ఎండవెట్టిండని మనం సుత పెడితె వేరు మాడుతది. ఆ మీద ట్రాక్టర్‌తోని చెట్టు మొదలు దాక దున్నుతరు. పైపైన ఉండే తిండి వేర్లన్ని తెగుతయి. తెగిన ప్రతి వేరు ఫ్యుసేరియానికి తెరిచిన దర్వాజే. తెగిన వేర్లు, ఎండిన మట్టి, ఒక్కసారి వరద లెక్క నీళ్లు, మీదికెల్లి పిడికెడు ఎక్కువ యూరియా. రోగాన్ని పిలిచి పీటేసినట్టు.

ఈ వరసల గాలిమోటు వానలను సుత మరువొద్దు. 2020 అక్టోబర్ 13న పడ్డ వాన యాదికుంటది అందరికి, హైదరాబాద్ నుంచి భువనగిరి దాక ఆగమాగం చేసింది. అసొంటి వానల తర్వాత తోటల నీళ్లు రెండు మూడు రోజులు నిలిస్తెనే వేరుకు ఊపిరాడది. కాలువ తీసి నీళ్లు పంపిన తోటకు, పంపని తోటకు తేడా ఆ రోజు కనవడదు, ఆ మరుసటేడు కనవడతది.

గుట్ట కాడ నిలవడి మాట్లాడుతున్నం గనుక ఇంకో రెండు చెట్ల ముచ్చట చెప్పి ముందుకు పోత. ప్రసాదం లడ్డుల పడే జీడిపప్పు చూడుండ్రి. పలాస, ఉద్దానం దిక్కు జీడి తోటలల్ల సుత గిదే కథ, కాకపోతె తలకిందులుగ. అక్కడ రోగం పై నుంచి దిగుతది. తేయాకు దోమ అని ఒక సన్న పురుగు లేత చిగురును, పూత కొమ్మను గుచ్చి రసం తాగుతది. ఆ గుచ్చిన గాయాల నుంచి బూజులు దూరి పూత నల్లగ మాడుతది, కొమ్మ కొస నుంచి ఎండుతది. మబ్బు పట్టి చినుకులు వడ్డ ఏడు పక్షికన్ను తెగులు మోపయితది. రైతు బూజు మందు ఒక్కటే కొట్టి పురుగును ఇడిస్తె గాయాలు కొత్తగ అయితనే ఉంటయి. మన దగ్గర 2020, 2021ల వేప చెట్లు ఊరూర ఎర్రగ మాడిపోయినయి యాదికున్నదా? దానికి మూలం ఫోమోప్సిస్ అనే బూజు, దానికి తోడు గాయం చేసిపెట్టింది సుత గీ తేయాకు దోమే. జనం భయపడ్డరు, ఏదో అరిష్టం అన్నరు. చాన వేపలు మళ్ల చిగురువెట్టినయి, ఎందుకంటె వాటి వేరు మంచిగ ఉండె. బత్తాయికి ఆ అదృష్టం లేదు. కొమ్మ పోయిన చెట్టు లేస్తది, వేరు పోయిన చెట్టు లెవ్వది.

మరి రైతు ముందుగాల ఏం చెయ్యాలె అంటె, పార పట్టాలె. ఆకు పసుపుకు తిరిగిన చెట్టు ఉంటె మందు దుకాణానికి పోయే ముందుగాల మొదలు నుంచి రెండు మూడు అడుగుల దూరంల జానెడు లోతు తవ్వి వేరు తియ్యిండ్రి. మంచి వేరును గోరుతోని గీకితె లోపల తెల్లగ ఉంటది. సన్న వేరును రెండు వేళ్లతోని పట్టి గుంజితె పై తొడుగు ఊడొచ్చి లోపల దారం మిగిలిందంటె ఫైటోఫ్తోరా అని అనుమానం పెట్టుకోవాలె. పెద్ద వేరు కట్టె రంగు మారి వాసనొస్తె ఫ్యుసేరియం. వేరు తెల్లగ మంచిగనే ఉండి, మొదలు కాడ బంక సుత లేకుంట చెట్టు క్షీణిస్తె అప్పుడు వైరస్సో, జింకు లోపమో, సున్నపు నేలో, వేరే ఏందో చూసుకోవాలె. కొండమల్లేపల్లిల ఉద్యాన పరిశోధన కేంద్రం ఉన్నది. వేరు, మట్టి సంచిల కట్టుకొని పోయి చూపిచ్చుడు దుకాణంల ఆకు చూపిచ్చుడు కన్న వెయ్యింతలు నయం.

మందు ముచ్చట. ఫైటోఫ్తోరా అసలు బూజు గాదు అన్న కదా. అందుకే మన రైతులు ప్రతిదానికి వాడే కార్బెండజిమ్ దాన్ని ఏం చెయ్యదు. దానికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు గని, ఫోసెటైల్ అల్యూమినియం గని కావాలె, లీటరు నీళ్లకు రెండున్నర గ్రాముల లెక్కన మొదలు, పాదు తడిసేటట్టు పోస్తరు. ఫోసెటైల్‌కు ఒక మంచి గుణం ఉన్నది, ఆకు మీద కొట్టినా వేరు దాక దిగుతది, శాన మందులు పైకి ఎక్కుతయి గని కిందికి దిగయి. కాకపోతె దాన్ని రాగి మందులతోని కలుపొద్దు, ఆకు మాడుతది. అదే ఫ్యుసేరియానికి మెటలాక్సిల్ పనిచెయ్యదు, అక్కడ కార్బెండజిమ్, లీటరుకు గ్రాము. మా మామ ఏడాది పొడుగునా బంక తెగులుకు కార్బెండజిమ్ పోసిండు. ఇచ్చినాయన దగ్గర ఉన్నది అదే, ఇచ్చిండు. ఎవల్నని ఏం లాభం. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలె, సగం కన్న ఎక్కువ వేరు పోయిన చెట్టుకు ఏ మందు పోసినా బూడిదల పోసిన పన్నీరే. దాని పక్కన మంచిగ కనవడే చెట్లకు పొయ్యాలె. మన రైతు సచ్చేదాని మీద మొత్తం ఖర్సు పెట్టి, పక్కదాన్ని గాలికి ఇడుస్తడు. పానం గుంజుతది, ఏం చేస్తడు.

చౌకల అయ్యేది, ఇంట్ల చేసుకునేది బోర్డో పేస్టు. దీని పుట్టుక ముచ్చట జెర తమాషగ ఉంటది. 1882ల ఫ్రాన్స్ దేశంల బోర్డో పక్కన ద్రాక్ష తోటల మిలార్డే అనే ప్రొఫెసర్ తిరుగుతుంటె, తొవ్వ పొంటి ఉన్న తీగలకు మాత్రం ఆకు పచ్చగ నిలిచి ఉన్నదట, లోపలి తీగలు బూజు పట్టి రాలినయట. ఎందుకు అని అడిగితె, తొవ్వల పోయేటోళ్లు పండ్లు తెంపుకొని తినకుంట ఇసపు రంగు కనవడాలని మైలుతుత్తం, సున్నం కలిపి సల్లినం అన్నరట. దొంగల కోసం సల్లింది రోగానికి మందయింది. ఆయన ప్రయోగాలు చేసి 1885ల లోకానికి చెప్పిండు. మన రోడ్డు పక్క తోటలోళ్లకు ఈ ముచ్చట జల్ది సమజయితది.

చేసే తీరు గిట్ల. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్లల్ల ఒక ప్లాస్టిక్ బకిట్ల కరిగియ్యాలె. ఇనుప బకిట్, ఇనుప గంటె దగ్గరికి రానియ్యొద్దు. కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లల్ల నానవెట్టి వడవోసుకోవాలె. తుత్తం నీళ్లను సున్నం నీళ్లల్ల పోసుకుంట కట్టెతోని కలపాలె, సున్నాన్ని తుత్తంల గాదు. అయినంక ఒక ఇనుప కత్తిని నిమిషంసేపు ముంచి తియ్యాలె. కత్తి మీద రాగి రంగు పట్టిందంటె సున్నం సాలలే అన్నట్టు, ఇంకింత కలపాలె. లేకుంటె బెరడు మాడుతది. బంక కారే జాగల సచ్చిన బెరడును పదును కత్తితోని మంచి బెరడు కనవడేదాక గీకి, గీకింది ఏరి కాలవెట్టి, ఈ పేస్టు పూయాలె. రోగం లేని చెట్లకు సుత వానలకు ముందుగాల ఒకసారి, వానలు పోయినంక ఒకసారి మొదలు నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాక పూయాలె. కలిపింది ఆ రోజే ఒడగొట్టాలె, తెల్లారి పనికిరాదు.

బూజును బూజుతోనే కొట్టే పద్ధతి సుత ఉన్నది. ట్రైకోడెర్మా అని మంచి బూజు, మట్టిల చెడ్డ బూజును సుట్టుకొని తింటది. రెండు కిలోల ట్రైకోడెర్మా పొడిని తొంభై కిలోల పశువుల ఎరువు, పది కిలోల వేపపిండిల కలిపి నీడకు కుప్పవోసి, తడి ఆరకుంట గోనె సంచులు కప్పాలె. వారం పది రోజులల్ల తెల్లగ, పచ్చగ అల్లుకుంటది. అప్పుడు పాదులల్ల ఏసుకోవాలె. ఇది రోగం వచ్చినంక మందు గాదు, రాకుంట పహారా. ఇది ఏసిన వారంలనే కార్బెండజిమ్ పోసేటోళ్లను నేను చూసిన. పహారోన్ని పెట్టి మనమే సంపుకున్నట్టు.

ఇవన్ని ఒక ఎత్తు, మొక్క ఒక ఎత్తు. 1830లల్ల అజోర్స్ దీవులల్ల నారింజ జాతి తోటలు గీ బంక తెగులుతోని కుప్పకూలినయి. అప్పటి సంది లోకమంత విత్తనంతోని పెట్టుడు తగ్గిచ్చి, రోగాన్ని తట్టుకునే వేరు మీద అంటు కట్టుడు మొదలువెట్టింది. అంటె అంటు కట్టేదే ఈ రోగం కోసం. మన దగ్గర వేరు మూలాలు రెండు తీర్లు నడుస్తయి, జంబేరి, రంగపూర్ నిమ్మ. జంబేరి జల్ది పెరుగుతది, నర్సరీల మొక్క ఏపుగ కనవడతది, అమ్ముకునేటోనికి సులువు. గని ఫైటోఫ్తోరాకు దాని వేరు జల్ది లొంగుతది. రంగపూర్ నిమ్మ మన నీళ్ల కరువును, ఎండు వేరుకుళ్లును జంబేరి కన్న మంచిగ తట్టుకుంటది, అందుకే మన రాష్ట్రాలల్ల శాస్త్రవేత్తలు దాన్నే పెట్టుమంటరు. పైన సాత్‌గుడి బెరడు మాత్రం ఏ వేరు మీదున్నా బంకకు నాజూకే. అందుకని అంటు మట్టికి జానెడన్న ఎత్తుల కట్టి ఉండాలె, గుంతల పెట్టినప్పుడు ఆ అతుకు మట్టి పైన్నే ఉండాలె. శాన నర్సరీలల్ల నాలుగు వేళ్ల ఎత్తుల కడతరు. మనోళ్లు గుంతల లోతుకు పెట్టి మట్టి ఎగదోస్తరు. అతుకు మునుగుతది, ఇగ వేరు ఎంత గట్టిదైతే ఏంది?

మొక్కలు కొన్నప్పుడు మా మామకు రంగపూర్ మీద కట్టినయే అని చెప్పిన్రు. రశీదు లేదు, ఏం లేదు. 2017ల పైన సచ్చిన ఒక చెట్టు కింది నుంచి పిలకలేసింది. మామ కొట్టేద్దామనుకొని మరిచిండు. 2020ల అది కాయ గాసింది. రంగపూర్ నిమ్మ కాయ పండితె కమల పండు లెక్క ఎర్రటి నారింజ రంగుల ఉంటది. మామ తోటల పండింది పసుపు రంగుది, తోలు గరుకుగ, బుడిపెలు బుడిపెలుగ. జంబేరి. పదకొండేండ్లకు తెలిసింది, ఏం కొనుక్కున్నడో. ఆ కాయను చేతుల పట్టుకొని శానసేపు కూసున్నడు.

ఉమ్మడి రాష్ట్రంల 2010లనే ఉద్యాన నర్సరీలు రిజిస్టర్ గావాలె అని చట్టం వచ్చింది. ఉన్న చట్టాన్ని అమలు చేస్తె, మొక్కకు ఒక చీటి, చీటి మీద వేరు మూలం పేరు, తల్లి చెట్టు ఏ తోటదో రాసిస్తె సగం మోసం ఆగుతది. విత్తన ప్యాకెట్ మీద అడుగుతున్నం కదా, ఇరవై ఏండ్లు ఉండే మొక్కకు ఎందుకు అడుగుతలేం? వరి విత్తనం నకిలీదైతె ఒక పంట పోతది. బత్తాయి మొక్క నకిలీదైతె జీవితంల ఎనిమిది పదేండ్లు పోతయి, అది సుత ఆలస్యంగ తెలుస్తది. సచ్చిన చెట్టుకు పరిహారం అంటె ఎవ్వలు మాట్లాడరు. కొబ్బరి చెట్టు సస్తె బీమా ఇచ్చే పథకం కొబ్బరి బోర్డుకు ఉన్నది, చెట్టును చెట్టు లెక్కన చూసే బీమా అది. బత్తాయికి అసొంటిది ఎందుకు ఉండొద్దు? బజార్ల ధర వచ్చిననాడు సూట్ పేరు మీద తరుగు తీసేటోళ్లు ఉన్నరు గని, చెట్టు సచ్చిననాడు పక్కన నిలవడేటోడు లేడు.

నీళ్ల పద్ధతి ఒక్కటి పైస ఖర్సు లేకుంట మార్చుకునేది. చెట్టు సుట్టు ఒకే పాదు గాకుంట రెండు కట్లు ఏసుకోవాలె. మొదలు సుట్టు అడుగున్నర దూరంల లోపలి కట్ట, కొమ్మల కొసల కింద బయటి కట్ట. నీళ్లు రెండు కట్ల నడుమనే పారాలె, మొదలు పొడిగ ఉండాలె. ఒక చెట్టు పాదుల నుంచి ఇంకో చెట్టు పాదులకు నీళ్లు పారిచ్చొద్దు, రోగం నీళ్ల మీద ఎక్కి పోతది. డ్రిప్పు ఉన్నోళ్లు సుత చుక్క మొదట్ల పడకుంట ఇవతలికి జరపాలె, శానమంది చిన్న మొక్కప్పుడు పెట్టిన జాగలనే పదేండ్లు ఉంచుతరు. సచ్చిన చెట్టును వేర్లతోని పీకి కాలవెట్టాలె, ఆ గుంతను ఎండకాలమంత ఎండకు ఇడవాలె. అదే గుంతల అదే నెలల కొత్త మొక్క పెడితె దాన్ని సుత దానికే అప్పజెప్పినట్టు.

మా మామ తోటల ఇప్పుడు నూట అరవై చెట్లు ఉన్నయి. మిగిలిన జాగల కంది ఏస్తడు. పోయినేడు మృగశిర కార్తె ముందు రోజు నేను పోతె, పొద్దుగాల్నే బకిట్ల తుత్తం కలుపుకుంట కూసున్నడు. కత్తి ముంచి తీసి ఎండకు పట్టి చూసిండు. "రాగి పట్టలే, పా" అన్నడు. ఇద్దరం రెండు కుంచెలు పట్టుకొని చెరో వరస ఎంబడి పోయినం.